పట్టుకున్న కమ్మీ ఊడి రాకూడదు
పెద్దవారి స్నానాల గదిలో ఆసరా కమ్మీలు జాగ్రత్తగా బిగించుకొనే విధానం



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇల్లు కట్టేవారికి ఒక ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకొన్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవరైనా అక్కడి నుండి పడితే ఆ దోషం ఇంటి మీదికి వస్తుంది అని దాని భావం. మన కడప జిల్లా మిద్దె ఇళ్ళలో పెరిగినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. ఎండాకాలం అంతా మిద్దె మీదే పడక కదా! బలులు, పండుగలు, న్యాయ విధుల నడుమ దేవుడు పిట్టగోడను కూడా మరచిపోలేదు. ఇంట్లో ఎవరూ పడకుండా చూడడం కూడా భక్తిలో భాగమే అని మేము నమ్ముతాము.

ఈ రోజుల్లో మన పెద్దలు మిద్దె ఎక్కడం తక్కువ. వారు పడేది ఎక్కువగా స్నానాల గదిలో, మరుగుదొడ్డిలో, ఆ రెండింటికీ వెళ్ళే దారిలో. అందుకే ఈ సంచికలో గోడకు బిగించే ఆసరా కమ్మీల గురించి వ్రాస్తున్నాము. షాపుల్లో వీటిని గ్రాబ్ బార్ అంటారు. మన ఊళ్ళలో రాడ్డు అంటారు. ఈ వ్యాసంలో పట్టుకమ్మీ అందాము.

మా వలన జరిగిన పొరపాటు

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఇడుపులపాయ చుట్టుపక్కల పల్లె నుండి డెబ్బై దాటిన ఒక అవ్వ కంటి శుక్లం ఆపరేషన్ కోసం వచ్చింది. ఇంటికి పంపే రోజు చుక్కల మందు ఎట్లా వేయాలో, తల ఎట్లా వంచకూడదో అన్నీ చెప్పాము. చివరిగా ఆమె కొడుకుతో, "నాయనా, బాత్‌రూంలో అవ్వ పట్టుకొనేదానికి ఒక రాడ్డు వేయించు" అన్నాము. ఏ రాడ్డు, ఏ గోడకు, ఎంత లోతుగా అనేది ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆ బిడ్డ మంచివాడు. పోతూ పోతూ దారిలోనే టవళ్ళు వేసుకొనే సన్నని రాడ్డు కొన్నాడు. ఆ సాయంత్రమే తానే గోడకు రెండు రంధ్రాలు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి, అంగుళం మరలతో బిగించాడు. మూడు వారాలు ఏమీ కాలేదు. ఒక ఆదివారం ఉదయం అవ్వ గుడికి పోవాలని తలకు నూనె పెట్టుకొని స్నానం చేసింది. పీట మీద నుండి లేస్తూ రాడ్డు పట్టుకొంది. ప్లగ్గులతో, సిమెంటు పెచ్చులతో సహా రాడ్డు ఊడి చేతికి వచ్చింది. ఆమె వెనక్కు పడింది. తుంటి ఎముక విరిగింది.

రెండు రోజులు నాటుకట్టుతో ఇంట్లోనే ఉంచి, మూడవ రోజు మా దగ్గరికి తెచ్చారు. కొడుకు ఆ రాడ్డును తువ్వాలులో చుట్టుకొని వచ్చి మా బల్ల మీద పెట్టాడు. "మీరు చెప్పినట్లే వేసినా కదా సిస్టరమ్మా, ఎట్ల ఊడొచ్చిందో చూడండి" అన్నాడు. అతని మాటలో కోపం లేదు. అందుకే మాకు ఎక్కువ నొప్పి కలిగింది. రాడ్డు లేని రోజుల్లో ఆ అవ్వ గోడకు చెయ్యి ఆనించి మెల్లగా, భయంగా లేచేది. రాడ్డు వచ్చాక నమ్మకంతో బరువంతా దాని మీద వేసింది. సరిగా బిగించని పట్టుకమ్మీ, అసలు లేనిదానికన్నా ప్రమాదం అని ఆ రోజు మాకు తెలిసింది. ఆ కుటుంబం అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాము.

పడడం చిన్న విషయం కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రతి సంవత్సరం లోకమంతటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు కలిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాత రెండవ స్థానం దీనిదే. ఈ మరణాలలో 80 శాతానికి పైగా మనవంటి అల్ప, మధ్య ఆదాయ దేశాలలోనే. అందులోనూ 60 ఏళ్ళు దాటినవారే ఎక్కువ.

వయసు మళ్ళినవారికి తుంటి విరిగితే ఎముక ఒక్కటే సమస్య కాదు. మంచం మీద కదలకుండా ఉంటే నడుము దగ్గర పడక పుండ్లు పడతాయి. ఊపిరితిత్తులలో నిమ్ము చేరుతుంది. కాలి నరాలలో రక్తం గడ్డ కడుతుంది. నడిచే మనిషి మరల నడవలేకపోవచ్చు. ఇది మా వార్డులో మేము కళ్ళారా చూసేదే.

మన ఇళ్ళలో ఎందుకు పడుతున్నారు

ఇడుపులపాయ అనగానే చాలామందికి 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీ, 2009 తరువాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి సమాధి గుర్తుకు వస్తాయి. ఎక్కడెక్కడి పిల్లలో అక్కడికి చదువుకు వస్తున్నారు. చుట్టుపక్కల పల్లెలలో మాత్రం మన పిల్లలు బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, కువైట్‌లోనో ఉంటే ఇంట్లో ముసలి దంపతులే మిగులుతున్నారు. పడితే లేపేవారు లేరు. కనుక ఇంటినే సరిచేసుకోవాలి.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన కారణాలు కొన్ని ఉన్నాయి.

1. బండల నేల. మన నాపరాయి, లోకమంతా కడప బండ అని పిలిచేది, పాలిష్ పట్టించి నల్లగా మెరిసేటట్లు వేయించుకొంటాము. పొడిగా ఉంటే బాగుంటుంది. సబ్బు నీళ్ళు పడితే చేప వీపు లాగా జారుతుంది. నలుపు మీద నీళ్ళు ఉన్నదీ లేనిదీ మసక కళ్ళకు కనపడదు.

2. తలంటు. నూనె, సీకాయ పొడి, కుంకుడు నురగ మూడూ నేల మీదే పడతాయి. అరికాళ్ళకూ నూనె అంటుతుంది.

3. దూరం. చాలా ఇళ్ళలో మరుగుదొడ్డి దొడ్డి మూలన ఉంటుంది. రాత్రి చీకటిలో గడప దిగి, మెట్టు దిగి, పైపులు దాటి పోవాలి.

4. మాత్రలు. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకొనేవారికి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయి. షుగరు ఉన్నవారికి రాత్రిళ్ళు పదే పదే లేవవలసి వస్తుంది, పాదాలకు స్పర్శ కూడా తగ్గుతుంది.

5. గొంతుకు కూర్చోవడం. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు ఇండియన్ లెట్రిన్ మీద నుండి లేచేటప్పుడు దొరికినదల్లా పట్టుకొంటారు. కొళాయి, బకెట్ అంచు, తలుపు గొళ్ళెం, ఏదైనా సరే. ఇవేవీ మనిషి బరువు మోసేవి కావు.

ముందుగా గోడను తెలుసుకోండి

కమ్మీ ఎంత గట్టిదైనా, దాని బలం గోడ బలమే. షాపుకు పోక మునుపు మీ బేల్దారి మేస్త్రిని పిలిచి ఇది ఏ గోడో అడగండి.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, సిమెంటుతో కట్టినది అయితే మంచిది. మరలు టైలునూ, పూతనూ దాటి ఇటుకలోకి కనీసం రెండు అంగుళాలు దిగాలి. అంటే మూడు అంగుళాల మర కావాలి. పూతలో మాత్రమే ఉన్న మర దేనినీ మోయదు. రంధ్రం ఇటుక నడుమ పడాలి, రెండు ఇటుకల సందులో పడరాదు.

నాలుగున్నర అంగుళాల గోడ, అనగా ఒంటి ఇటుక గోడ, బయట కట్టిన చిన్న మరుగుదొడ్లలో ఎక్కువ. దీనికి ప్లగ్గులు నమ్మవద్దు. గోడకు ఈ వైపు నుండి ఆ వైపుకు రంధ్రం చేసి, పొడుగు బోల్టు దూర్చి, అవతల వైపు అరచేయంత మందపాటి ఇనుప రేకు పెట్టి నట్టు బిగించాలి. లాగినప్పుడు బరువు ఆ రేకు మీద పరచుకొంటుంది. సిమెంటు బోలు ఇటుకల గోడకూ ఇదే పద్ధతి. లోపల ఖాళీ ఉంటుంది గనుక మామూలు ప్లగ్గుకు పట్టు దొరకదు. చేత్తో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. టైలు వెనుక బోలుగా ఉన్నా అదే శబ్దం వస్తుంది. ఆ చోట బిగిస్తే టైలు పగులుతుంది.

కాంక్రీటు పిల్లరు దొరికితే అదే శ్రేష్ఠం. యాంకర్ బోల్టు వేయవచ్చు. లోపల కడ్డీ తగిలితే బలవంతంగా తొలవక, రంధ్రాన్ని కొంచెం జరపాలి.

రాయి, మట్టితో కట్టిన పాత గోడకు కమ్మీ బిగించవద్దు. పైన సిమెంటు పూసి సున్నం కొట్టి ఉంటే కొత్త గోడ లాగానే కనపడుతుంది. లోపల మట్టి. మేము చెప్పిన అవ్వ ఇంట్లో ఉన్నది ఈ గోడే.

నిలువు బండల గోడకు కూడా వద్దు. మన వైపు దొడ్లో నాపరాతి బండలు వరుసగా నిలబెట్టి చాటు చేసుకొని స్నానం చేయడం మామూలే. ఆ బండకు రంధ్రం వేసి లాగితే పొర పొరగా చీలుతుంది, లేక బండే మీద పడుతుంది.

ఈ చివరి రెండు రకాల గోడలు ఉన్నవారు నిరాశపడవద్దు. నేలలో పాతే కమ్మీ ఉంది. అది తరువాత చెబుతాము.

ఏ కమ్మీ కొనాలి

ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు వంటి పట్టణాలలో శానిటరీ సామాను అమ్మే షాపులలో అడగండి. టవల్ రాడ్డు వేరు, గ్రాబ్ బార్ వేరు అని గట్టిగా చెప్పండి. మెరుపు చూసి మోసపోకండి. ఈ గుర్తులు చూడండి:

– స్టెయిన్‌లెస్ స్టీలు, 304 రకం. మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. పూత ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

– మందం 32 నుండి 38 మిల్లీమీటర్లు, అనగా సుమారు ఒకటింబావు నుండి ఒకటిన్నర అంగుళం. పిడికిలి చుట్టూ తిరిగి బొటనవేలు కలవాలి. మరీ లావైతే కీళ్ళ నొప్పుల చేతికి పట్టు చిక్కదు.

– గోడకు, కమ్మీకి మధ్య ఒకటిన్నర అంగుళం సందు. అంతకన్నా ఎక్కువైతే చెయ్యి జారినప్పుడు మోచేయి ఆ సందులో ఇరుక్కొని విరగవచ్చు.

– రెండు కొసలా గుండ్రని బిళ్ళకు మూడేసి మరల రంధ్రాలు. అమెరికా ప్రమాణాల ప్రకారం పట్టుకమ్మీ 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోల బరువు తట్టుకోవాలి. మనమూ అంతకు తక్కువ కోరుకోరాదు.

– నున్నగా అద్దంలా మెరిసేదానికన్నా గరుకుగా, సన్నని గీతలతో ఉన్నది తడి చేతికి మంచిది.

రబ్బరు గిన్నెలతో గోడకు అంటుకొనే కమ్మీలు కూడా అమ్ముతారు. మర అక్కరలేదు, రంధ్రం అక్కరలేదు అని చెబుతారు. దయచేసి మనిషి బరువుకు వాటిని నమ్మవద్దు. అవి చెప్పకుండా ఊడతాయి.

ఎక్కడ, ఎంత ఎత్తున

పుస్తకంలోని కొలతకన్నా మీ అమ్మ చెయ్యి కొలత మేలు. అమెరికా ప్రమాణాలలో అడ్డ కమ్మీ ఎత్తు నేల నుండి 33 – 36 అంగుళాలు. అది ఎత్తైన మనుషులకు సరిపోతుంది. మన అవ్వలకు కొంచెం కిందికి కావలసి ఉంటుంది. పెద్దవారిని నిటారుగా నిలబెట్టి చేతులు వదిలేయమనండి. మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. నిలబడి ఆనుకొనే అడ్డ కమ్మీకి అదే ఎత్తు.

స్నానం చేసే చోట: పీట లేక స్టూలు వేసే చోటు ముందు ఖాయం చేయండి. దాని మీద పెద్దవారిని పొడి బట్టలతో, పొడి నేల మీద కూర్చోబెట్టి లేవమనండి. చెయ్యి సహజంగా ఎటు పోతుందో చూడండి. ఆ చోట నిలువు కమ్మీ వేయండి. నిలువు కమ్మీ పట్టి లాగుకొని లేవడానికి, అడ్డ కమ్మీ ఆనించి నొక్కి లేవడానికి. రెండూ కలిసి ఉన్న ఎల్ ఆకారపు కమ్మీ ఇంకా మంచిది. ఏటవాలుగా వేస్తే తడి చెయ్యి కిందికి జారుతుంది.

ఇండియన్ లెట్రిన్ దగ్గర: పక్క గోడకు, పాదాలకన్నా కొంచెం ముందుకు నిలువు కమ్మీ ఉండాలి. కూర్చున్నప్పుడు అందేటంత కిందినుండి, నిలబడ్డాక రొమ్ము ఎత్తుదాకా పొడవు కావాలి. వెనుక గోడకు వేస్తే ఉపయోగం లేదు. మోకాళ్ళు బొత్తిగా వంగనివారికి కమ్మీ ఒక్కటే చాలదు. లెట్రిన్ పైన పెట్టుకొనే కమోడ్ కుర్చీ వాడండి, కాళ్ళకు రబ్బరు బుడిపెలు ఉన్నవో లేవో చూడండి.

తలుపు దగ్గర: గడప దాటేటప్పుడు పట్టుకొనేదానికి ఒక చిన్న నిలువు కమ్మీ. చాలామంది దీనిని మరచిపోతారు.

పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పనిచేయని వారికి మంచి చెయ్యి వైపే కమ్మీ ఉండాలి. కూర్చున్నప్పుడు ఏ చెయ్యి గోడ వైపు ఉంటుందో చూసి బిగించండి.

బిగించే రోజు

1. మెయిన్ స్విచ్ ఆపండి. గీజరు వైరు, నీళ్ళ పైపు గోడలో దాగి ఉంటాయి. సాధారణంగా కొళాయికి, గీజరుకు, స్విచ్ బోర్డుకు నేరుగా పైకీ కిందికీ, పక్కకూ పోతాయి. ఆ దారిలో రంధ్రం వద్దు. ఇల్లు కట్టిన మేస్త్రి, ప్లంబరు దొరికితే అడగండి.

2. డ్రిల్ మిషను పక్క గది నుండి కరెంటు తీసుకొంటే, ఈ గదికి వచ్చే కరెంటు ఆగిందో లేదో టెస్టరుతో చూడండి. నేల పొడిగా ఉండాలి. చెప్పులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

3. టైలు మీద ముందుగా టేపు అంటించి గుర్తు పెట్టండి. టైలు దాటేవరకు టైలు బిట్టుతో, హ్యామర్ ఆపి, మెల్లగా తొలవాలి. తొందరపడితే టైలు నెర్రె ఇస్తుంది. గోడ మూలకు, అంచుకు మూడు అంగుళాల లోపు రంధ్రం వద్దు.

4. రంధ్రంలోని దుమ్ము ఊది, గుడ్డతో తుడిచి ప్లగ్గు కొట్టండి. ప్లగ్గు వదులుగా దిగితే అగ్గిపుల్లలు కుక్కి బిగించవద్దు. ఇది మన ఊళ్ళలో చాలామంది చేసే పని. ఆ రంధ్రం పూడ్చి వేరే చోట వేయండి.

5. అన్ని రంధ్రాలకూ మరలు వేయాలి. మూడుకు రెండు చాలులే అనవద్దు. బిళ్ళ చుట్టూ సిలికాన్ పూయండి. నీళ్ళు లోపలికి పోతే మర తుప్పు పడుతుంది, గోడ నాని పట్టు వదులుతుంది.

6. పరీక్ష. ఇంట్లో బరువైన, ఆరోగ్యమైన మనిషి ముందు మెల్లగా, తరువాత గట్టిగా అన్ని వైపులా లాగి చూడాలి. మూర వెనుక పరుపు వేసుకొని లాగితే తానూ పడడు. వెంట్రుకవాసి కదిలినా ఆ కమ్మీ పనికి రాదు. విప్పి మరల వేయించండి. ఈ పరీక్ష కాకుండా పెద్దవారిని ముట్టనివ్వవద్దు.

తరువాత నెలకొకసారి, జీతం వచ్చిన రోజో, నెల మొదటి ఆదివారమో గుర్తు పెట్టుకొని, కమ్మీని కదిపి చూడండి. బిళ్ళ కింద తెల్లని ఉప్పు, తుప్పు చార, గోడ నెర్రె కనపడితే ఆ రోజే మేస్త్రిని పిలవండి.

గోడకు బలం లేనప్పుడు

మట్టి గోడ, బండల గోడ ఉన్న ఇంట్లో వెల్డింగ్ షాపులో తలక్రిందులైన యు ఆకారంలో కమ్మీ చేయించండి. ఒక అంగుళం జీఐ పైపు అని అడిగితే బయటి మందం సుమారు 34 మిల్లీమీటర్లు ఉంటుంది, చేతి పట్టుకు సరిపోతుంది. మందపాటి రకం తీసుకోండి. రెండు కాళ్ళ అడుగున అడ్డంగా ఇనుప ముక్క అతికించమనండి, అప్పుడు పైపు తిరగదు, పైకి రాదు. నేలలో అడుగున్నర లోతు గుంటలు తీసి, కంకర కాంక్రీటు పోసి పాతండి. వారం రోజులు తడుపుతూ ఉండాలి. ఆ వారం ఎవరూ పట్టుకోరాదు. వెల్డింగ్ గరుకు అరగదీసి రంగు వేయండి. అతి పలుచని చర్మం మన పెద్దలది, చిన్న గీతకే పుండు పడుతుంది.

అద్దె ఇంట్లో ఉన్నవారు యజమానిని అడిగి వేయించుకోండి. ఒప్పుకోకపోతే నాలుగు కాళ్ళ వాకరు, చేతులున్న ప్లాస్టిక్ స్నానపు కుర్చీ కొంతవరకు పనికి వస్తాయి.

కమ్మీతో పాటు

కమ్మీ వేశాము, పని అయిపోయింది అనుకోవద్దు. పాలిష్ బండలను మేస్త్రితో ఉలి పెట్టి, తిరగలికి కక్కు కొట్టినట్లు గరుకు చేయించండి. కడిగి పాచి పోగొట్టండి. తలంటు రోజు నూనె తల వరకే, అరికాళ్ళకు వద్దు. పెద్దవారు కూర్చునే స్నానం చేయాలి. కాగు నుండి వేడినీళ్ళు వారు మోయరాదు, ఇంట్లోవారు తోడి పెట్టాలి. బకెట్, చెంబు కూర్చున్న చోటికి అందాలి.

లైటు స్విచ్ తలుపు బయట ఉండాలి. దొడ్డి దారిలో రాత్రంతా ఒక చిన్న బల్బు వెలగనివ్వండి. పెద్దవారు లోపల గొళ్ళెం పెట్టుకోకూడదు. పడితే మనం తలుపు పగలగొట్టవలసి వస్తుంది. మర్యాద కోసం తలుపుకు బయట ఒక తువ్వాలు వేలాడదీస్తే లోపల మనిషి ఉన్నట్లు గుర్తు.

రాత్రి లేచేటప్పుడు మంచం మీద కూర్చొని మూడు నిమిషాలు ఆగి, కాళ్ళు ఆడించి, పట్టుకొని నిలబడి, అప్పుడు నడవాలి. కళ్ళు తిరుగుతూ ఉంటే మాత్రలు మీరే మానేయకుండా డాక్టరు గారికి చూపించండి.

ఇంకొక మాట. చాలామంది పెద్దలు, "నాకేమి ముసలితనం వచ్చింది, రాడ్డు ఎందుకు" అంటారు. వారిని బలవంతపెట్టి, ఎగతాళి చేసి ఒప్పించలేరు. కమ్మీ ఇంట్లో అందరికీ అని చెప్పండి. మీరూ పట్టుకొని లేవండి. గర్భిణీ కోడలికీ, జ్వరంతో నీరసపడిన పిల్లవానికీ అది ఆసరాయే.

పడితే ఏమి చేయాలి

పడిన వెంటనే చంకల కింద చేతులు వేసి లేపవద్దు. ముందు పలకరించండి. తలకు దెబ్బ తగిలిందా, ఎక్కడ నొప్పి అని అడగండి. కాలు ఎత్తలేకపోయినా, ఒక కాలు పొట్టిగా కనపడి పాదం బయటికి తిరిగి ఉన్నా తుంటి విరిగి ఉండవచ్చు. నీళ్ళ నుండి తప్పించి, దుప్పటి కప్పి, అదే భంగిమలో ఉంచి 108కు ఫోను చేయండి. నూనె రాసి మర్దన చేయవద్దు. కట్టు కట్టించి ఇంట్లో ఉంచవద్దు. ఆపరేషన్ అవసరమైన తుంటికి వీలైతే 48 గంటల లోపు జరిగితేనే మేలు. రోజులు గడిచేకొద్దీ ముందు చెప్పిన కష్టాలన్నీ చుట్టుకొంటాయి. రక్తం పలుచబడే మందు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నారు అనిపించినా తప్పక తీసుకొని రండి.

చివరిగా

ఆ అవ్వకు పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. వాకరుతో ఇంటికి చేరిన తరువాత మేము ఇద్దరము సిస్టర్లము, ఒక బేల్దారి మేస్త్రితో కలిసి వారి ఇంటికి వెళ్ళాము. మేస్త్రి గోడను ఉలితో రెండు దెబ్బలు కొట్టగానే మట్టి రాలింది. కొడుకు దానిని చూసి, "నా చేతి తప్పు కాదా అయితే" అన్నాడు. అన్ని నెలలు అతడు ఆ భారం మోశాడని అప్పుడే తెలిసింది. "నీ తప్పు కాదు నాయనా, మేము సగం మాట చెప్పి పంపించినాము" అని చెప్పాము. ఆ రోజే గుంటలు తీసి పైపు పాతించాము. అవ్వ ఇంకొక నాలుగేళ్ళు బ్రతికింది, తన పని తాను చేసుకొంది. ఆమె పోయిన తరువాత పరామర్శకు వెళ్ళినప్పుడు చూశాము: ఆమె చెయ్యి పడే చోట పైపు రంగు పోయి తెల్లగా మెరుస్తూ ఉంది. కొడుకు దానికి మరల రంగు వేయనివ్వలేదు.

అప్పటి నుండి మా ఆసుపత్రిలో పెద్దవారిని ఇంటికి పంపేటప్పుడు "రాడ్డు వేయించండి" అని మాత్రమే చెప్పి పంపము. మీ ఇంటి గోడ ఏమిటి అని అడుగుతాము. మీరూ ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకొని రండి.

సంఘ పెద్దలకు ఒక మనవి. మన గుడి ఆవరణలోని మరుగుదొడ్డిలో పట్టుకమ్మీ ఉన్నదా? ఆరాధన పొడుగైతే ఎందరో అవ్వలు, తాతలు నీళ్ళు త్రాగకుండా ఓర్చుకొని కూర్చుంటారు, లేక గుడికి రావడమే మానుకొంటారు. రెండు కమ్మీలు, ఒక బల్బు, ఒక రోజు మేస్త్రి కూలి. యవ్వనస్థుల కూటమి ఒక శనివారం ఈ పని చేయగలదు.

మన తలిదండ్రులు మనకు నడక నేర్పినప్పుడు వేలు అందించారు. ఇప్పుడు వారు పట్టుకొనేదానికి ఊడిరాని ఆసరా అందించడం మన వంతు. ప్రభువు మీ ఇంటిని, మీ ఇంటిలోని పెద్దలను కాపాడును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్